కిటికీలో బటన్ రోజా

మన డిపార్ట్‌మెంట్ కిటికీలో ఉన్న బటన్ రోజా కుండీ నాదే. పోయిన నెల క్లాసులో మీ ముఖాల మీద, పుస్తకాల మీద వాలిన నల్ల నుసుములు కూడా దాని మట్టిలో పుట్టినవే. ముందుగా అందరికీ క్షమాపణలు.

మాది హోసూరు దగ్గర, బాగలూరు పక్క పల్లె. మా వైపు రోజా తోటలు ఎక్కువ. నాయన పాలీహౌస్‌లో పనికి పోతాడు. ఇంటి ముందర రోజాలు మాత్రం అవ్వవి. కాలేజీ తెరిచినప్పుడు, తాను కొమ్మ నాటి వేరు పట్టించిన రెండు చిన్న మొక్కలు నా చేతికిచ్చి, "మొగ్గేస్తే చెప్పు మే" అనింది. ఆమెకిప్పుడు చూపు సరిగ్గా ఆనదు. ఫోన్ చేస్తే నా చదువుకంటే ముందు మొక్కల గురించే అడుగుతుంది.

ఒక మొక్క ఆకులు పసుపెక్కి, రాలి, చచ్చిపోయింది. నీళ్లు చాల్లేదనుకున్నాను. రెండోదానికి పొద్దున, సాయంత్రం పోశాను. మీరూ జాలిపడి బాటిల్లో మిగిలిన నీళ్లు పోసేవాళ్లు. రోజాకి బలమని ఎవరో చెప్తే, వడకట్టాక మిగిలిన టీ పొడి కూడా తెచ్చి వేశాను. కొన్నాళ్లకు నుసుములు మొదలయ్యాయి. కుండీ కదిపితే గుంపుగా లేచేవి. ఒకరోజు మేడం టీ కప్పులోనే ఒకటి పడింది. "సోమవారంలోగా తీసేయమ్మా" అన్నారు.

ఆ రాత్రి అవ్వ అడిగింది, "ఎన్ని మొగ్గలు మే?" అని. "రెండిట్లో కలిపి అయిదు" అన్నాను. అప్పటికి ఉండేది ఒక మొక్కే. దానికీ మొగ్గ లేదు.

మరునాడు కుండీ ఎత్తుకొని బాటనీ మేడం దగ్గరికి పోయాను. మందు పేరు చెప్తారనుకుంటే, ఉర్లగడ్డ ముక్క ఒకటి మట్టి మీద పెట్టమన్నారు. రెండు రోజులకు దాన్ని తిప్పి చూస్తే, అడుగున దారప్పోగుల్లాంటి తెల్ల పురుగులు, వాటికి నల్ల తలలు. వీటిని ఫంగస్ న్యాట్స్ అంటారట. ఎగిరేవి మనల్ని కుట్టవు, మొక్కనూ తినవు. తడి మట్టిలో గుడ్లు పెడతాయి. పురుగులు బూజును, కుళ్లిన చెత్తను తింటాయి, లేత వేళ్లు దొరికితే వాటినీ కొరుకుతాయి. గుడ్డు నుంచి ఈగ దాకా మూడు నాలుగు వారాలు. కాబట్టి ఎగిరేవాటిని చంపితే చాలదు, పైమట్టి ఆరాలి.

మన మేడంని నెల గడువు అడిగాను. కుండీని వరండా చివర పెట్టుకోమని ఒప్పుకున్నారు. టీ పొడి గీకి తీసేశాను. కింది ప్లేటులో నిలిచిన నీళ్లు పారబోశాను. పైన అర అంగుళం ఇసుక పరిచాను. పాలీహౌస్‌లో వేలాడదీసే పసుపు జిగురు అట్ట ముక్క నాయన పంపాడు. వారానికే అది నల్లబడింది. వేలు దించి చూసి, లోపల పొడిగా తగిలితేనే నీళ్లు. ఇసుక తెల్లగా ఎండి కనిపించినప్పుడల్లా నా చెయ్యి బాటిల్ మీదికి పోయేది. నాలుగు వారాల తర్వాత కొత్త అట్ట పెడితే, దాని మీద ఒకటో రెండో.

అప్పుడు అవ్వకు నిజం చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీళ్లు పోసే చెయ్యి ఊరికే ఉండదు మే. నేను మాత్రం ఎన్ని చంపలేదు? కుండీ ఎత్తి చూడు. బరువుంటే పోయద్దు" అనింది. మొదటి మొక్క పసుపెక్కిన రోజే ఆమెను అడిగుంటే రెండూ బతికేవేమో. తనిచ్చిన మొక్క పాడు చేశానని చెప్పేదానికి సిగ్గుపడ్డాను.

కుండీ మళ్లీ కిటికీలోకి వచ్చింది. ఇప్పుడు మొగ్గ ఉంది. ఒకటే. అవ్వకు ఒకటనే చెప్పాను. దయచేసి బాటిల్ నీళ్లు పోయకండి. పోయాలనిపిస్తే, ముందు కుండీ ఒకసారి ఎత్తి చూడండి.