మూడా, అయిదా, ఏడా?

రండి, హీటరు దగ్గరికి కుర్చీ జరుపుకోండి. హైదరాబాదులో ఎంబీఏ హెచ్‌ఆర్ చేసి, కొన్నాళ్లు రిక్రూట్‌మెంట్‌లో పనిచేసి, బర్మింగ్‌హామో లెస్టరో చేరిన మన పిల్లల సంగతి మాట్లాడుకుందాం. బ్రిటన్‌లో హెచ్‌ఆర్ ఉద్యోగ ప్రకటనలు తిరగేస్తుంటే సీఐపీడీ అన్న మాట పదేపదే తగులుతుంది. అది అక్కడి హెచ్‌ఆర్ వృత్తి సంస్థ, అది ఇచ్చే అర్హతనూ ఆ పేరుతోనే పిలుస్తారు. చట్టప్రకారం ఆ అర్హత తప్పనిసరేమీ కాదు. అయినా కంపెనీలు అడుగుతాయి. అందులో 3, 5, 7 అని మూడు లెవెళ్లు. దేనికి ఫీజు కట్టాలి?

ముందో అపోహ తీసేద్దాం. ఇవి ఒకే కోర్సుకు మొదటి, రెండో, మూడో సంవత్సరాలు కావు. ఇంగ్లండ్‌లో చదువులకు వేసిన మెట్ల లెక్కలోవి ఆ అంకెలు. మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్ 3లో ఉంటుంది, డిగ్రీ 6లో, మాస్టర్స్ 7లో. 3 పాసయితేనే 5లోకి రానిస్తారన్న నియమం లేదు.

ఇక్కడే మనవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. ‘ఎంబీఏ చేసినదాన్ని, డిగ్రీకన్నా కింద ఉన్న 5లో చేరడమేమిటండీ?’ అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పీజీ కోసం ఇంట్లో వాళ్లు ఎంత ఖర్చుపెట్టారో తెలుసు కదా. అయినా నా మాట వినండి: చాలామందికి 5 సరైన చోటు. ఎందుకంటే అది మన తెలివిని కొలవదు, ఆ దేశంలో పని నడిచే తీరు నేర్పుతుంది. మన దగ్గర ఉద్యోగి మీద ఆరోపణ వస్తే ఛార్జిషీటు, డొమెస్టిక్ ఎంక్వైరీ అంటాం. అక్కడ అకాస్ అనే సంస్థ రాసిన నియమావళి చూస్తారు. ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి, కూర్చోబెట్టి మాట్లాడాలి, సహోద్యోగినో యూనియన్ ప్రతినిధినో వెంట తెచ్చుకోనివ్వాలి, అప్పీలుకు దారి ఉంచాలి. ఎదురుగా కూర్చున్న మనిషి జీతం, పరువు మన చేతిలో ఉన్నప్పుడు ఇవి తెలియకపోతే ఎలా? జీతాల విధానం, ఉద్యోగ సంబంధాలు, రేపు ఎంతమంది కావాలో చూసుకోవడం, ఇవన్నీ 5లోనే ఉన్నాయి. పూర్తిచేస్తే సీఐపీడీలో అసోసియేట్ సభ్యత్వానికి అర్హత కూడా వస్తుంది.

3 ఎవరికంటారా? అడ్మిన్‌లోనో రిసెప్షన్‌లోనో ఉంటూ హెచ్‌ఆర్ వైపు రావాలనుకునేవాళ్లకు, చదువులో చాలా ఏళ్లు విరామం వచ్చినవాళ్లకు. చిన్నదని తీసిపారేయకండి.

7 సంగతి వేరు. అది సంస్థ మొత్తాన్ని చూసి వ్యూహం చెప్పమంటుంది, సొంతంగా పరిశోధన చేసి రిపోర్టు రాయమంటుంది. పెద్దవాళ్లతో బల్ల దగ్గర కూర్చుని, ఈ నిర్ణయం సిబ్బందికి ఏం చేస్తుందో వాదించే పనిలో ఉంటే అది బంగారం. ఆ బల్ల దగ్గరికి ఇంకా చేరనివాళ్లకు రాయడానికి ఉదాహరణలే దొరకవు. పుస్తకాల్లోంచి తెచ్చి నింపాలి, అది చదివేవాళ్లకు తెలిసిపోతుంది. మరో మాట, 7 పాసయినంత మాత్రాన చార్టర్డ్ సభ్యులు కారు. పనిలో మీవల్ల ఏం మారిందో చూపించాలి. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు కోర్సు లేకుండా అనుభవాన్నే పరీక్షించి సభ్యత్వమిచ్చే దారీ ఉంది. పదిహేనేళ్లు ఫ్యాక్టరీలో పర్సనెల్ మేనేజరుగా చేసి వచ్చినవాళ్లు ముందు దాని గురించి కనుక్కోవాలి.

ఇంతకీ సీఐపీడీ పుట్టుక తెలుసా? 1913లో యార్క్‌లో, రౌన్‌ట్రీ వాళ్ల చాక్లెట్ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో, కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ వర్కర్లు కలిసి పెట్టుకున్న సంఘం అది. అందుకే నేను సర్టిఫికెట్ సైజు కన్నా, మీ దగ్గరికి కష్టం చెప్పుకోవడానికి వచ్చే మనిషిని ముందు చూడమంటాను.

ఫీజు కట్టేముందు ఒక్క పని చేయండి. ఆ లెవెల్లోని యూనిట్ల జాబితా తెరిచి, ఒక్కోదాని పక్కన మీ ఆఫీసులో నిజంగా జరిగిన ఒక సంఘటన రాయండి. సగానికి పైగా ఖాళీగా మిగిలితే, కింది లెవెల్ జాబితా తెరిచి చూడండి.