మేనరికాన్ని తిట్టే డాక్టర్లు కులాన్ని ఎందుకు అడగరు?

ఈసారి కొంచెం సైన్సు. ఓపిక పట్టండి.

పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున మా ఊరు. మా మేనమామ కొడుక్కి పదమూడేళ్లకే రెండు కిడ్నీలూ పోయాయి. నీళ్ల వల్ల అన్నారు కొందరు, చేతబడి అన్నారు ఇంకొందరు. డాక్టరేమో "మేనరికమా? మీవాళ్లు చెప్తే వినరు" అన్నాడు. జబ్బు పేరు మాత్రం చెప్పలేదు. ఆ మాటే నాతో ఇదంతా చదివించింది.

మన కణంలో సెంట్రోసోమ్ అని ఒకటుంటుంది. కణం రెండుగా విడిపోయేటప్పుడు దాని పని మనం ఇంటర్లో చదివిందే. విడిపోని వేళ దానికి ఇంకో పనుంది. అందులోని పాత సెంట్రియోల్ కణం పైపొర దగ్గరికి చేరి, యాంటెన్నా లాంటి సన్నటి రోమాన్ని మొలిపిస్తుంది. అదే సీలియం. కిడ్నీ గొట్టాల్లో మూత్రం పారే తీరును కనిపెట్టేది ఇదే. సెంట్రియోల్‌ని పైపొరకు తగిలించే ప్రొటీన్లలో ఒకటి సీఈపీ164. అది లేకుంటే రోమం మొలవదు.

చిన్న వయసులోనే కిడ్నీలు మచ్చలుపడి చెడిపోయే నెఫ్రోనోఫ్తిసిస్ అనే జబ్బున్న కొందరిలో ఈ జీన్ పాడైందని 2012లో హిల్డెబ్రాండ్ బృందం చూపింది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణం స్పందించడానికి కూడా ఇదే ప్రొటీన్ కావాలన్నారు. 2016లో ఐర్లండ్‌లోని గాల్వే పరిశోధకులు కణాల్లోంచి ఈ జీన్‌ని పూర్తిగా తీసేసి చూశారు. సీలియా మొలవలేదు గానీ డీఎన్‌ఏ మరమ్మతు మామూలుగానే సాగింది. సైన్సులో నాకు నచ్చేది ఈ తగువే. పెద్ద జర్నల్లో వచ్చిందని ఎవరూ నోరు మూసుకోరు.

తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు పక్కలా పాడైన కాపీ వస్తేనే ఈ జబ్బు. మేనరికంలో ఆ అవకాశం ఎక్కువే, కాదనను. కానీ సీసీఎంబీ తంగరాజ్ గారు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన చూడండి. దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో జనం కొద్దిమంది పూర్వీకుల నుంచే పుట్టుకొచ్చిన జాడ ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదులకంటే బలంగా ఉంది. లక్షలమంది ఉన్న కులమైనా సరే, పెళ్లి గోడ దాటకపోతే దూరపు సంబంధం కూడా లోలోపల చుట్టరికమే. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో ఇచ్చే కండరాల మత్తుమందు త్వరగా వదలకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. కులానికి ప్రాణం లోపలి పెళ్లేనని అంబేద్కర్ 1916లోనే కొలంబియాలో చెప్పాడు. "మేనరికమా?" అని అడిగే డాక్టరు "కులం లోపలి పెళ్లా?" అని ఎవరినీ అడగడు. అడిగితే తనూ జవాబు చెప్పాలి కదా!

మావాడిది ఈ జీనే అని నేననను. పరీక్షే జరగలేదు. ఈ జబ్బు తెచ్చే జీన్లు ఇరవైకి పైనే ఉన్నాయి.

హాస్టళ్లలో పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్కటి గమనించండి. ఎప్పుడూ దాహం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, రక్తం తక్కువ, ఎదుగుదల లేకపోవడం. ఈ జబ్బు మొదట్లో ఇలాగే ఉంటుంది. మామూలు మూత్ర పరీక్షలో పెద్దగా తేడా కనపడకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్ చూడమని అడగండి. మావాణ్ణి హాస్టల్లో "పక్క తడిపేవాడు" అని రెండేళ్లు ఏడిపించారు.