ఉక్కు దీవిలో ఆఖరి షిఫ్టు

భిలాయ్‌లో నెలనెలా కొందరి మెడలో వీడ్కోలు దండ పడుతుంది. ఉద్యోగంతోపాటు ఊరు కూడా చేజారుతుందా అన్న బెంగ ఆ మర్నాడే మొదలవుతుంది

నెలాఖరు రోజు భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఏ విభాగానికి వెళ్లినా కనిపించే దృశ్యం దాదాపు ఒకటే. బంతిపూల దండలు, శాలువా, మిఠాయి పెట్టె, పై అధికారి చెప్పే నాలుగు మంచి మాటలు. 60 ఏళ్లు నిండిన ఉద్యోగి పక్కన భార్య మొహమాటంగా కూర్చుని ఉంటుంది. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్లు కొలిమి వేడిలోనో, పట్టాల మిల్లు మోతలోనో గడిపిన మనిషి ఆ సాయంత్రం గేటు దాటితే, మళ్లీ లోపలికి రావాలంటే విజిటర్ పాస్ కావాల్సిందే.

ఇలాంటి వీడ్కోలు ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా ఉండేదే. కానీ భిలాయ్‌లో దాని అర్థం వేరు. ఇక్కడ కంపెనీ జీతం మాత్రమే ఇవ్వదు. ఇల్లు, నీళ్లు, కరెంటు, బడి, ఆస్పత్రి, ఆటస్థలం అన్నీ దానివే. రాయ్‌పూర్‌కు పశ్చిమంగా 30 కిలోమీటర్ల దూరంలో, వరి పొలాల మధ్య లేచిన దీవి ఇది. వరస సంఖ్యలే పేర్లుగా ఉన్న సెక్టార్లు, వెడల్పాటి రోడ్లు, వాటికి అటూ ఇటూ చెట్లు, ఒకే అచ్చులో పోసినట్టున్న క్వార్టర్లు. సాయంత్రం సివిక్ సెంటర్‌లో కాసేపు నిలబడితే హిందీ, బెంగాలీ, మలయాళం, పంజాబీ, తెలుగు చెవిన పడతాయి. ‘మినీ ఇండియా’ అని స్థానికులు గొప్పగా చెప్పుకునేది అందుకే.

ఈ దీవిని కట్టాలన్న నిర్ణయానికి బీజం 1955 ఫిబ్రవరి 2న పడింది. భారత్, సోవియట్ యూనియన్ ఆ రోజు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నిర్మాణానికి సోవియట్ పక్షాన చీఫ్ ఇంజనీరుగా వచ్చిన వెనియమిన్ దిమ్‌షిత్స్ తర్వాత ఆ దేశ ఉప ప్రధాని కూడా అయ్యారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1980ల చివరికి 40 లక్షల టన్నులకు ఎదిగింది. దేశంలోని రైళ్లు చాలావరకు ఇక్కడ తయారైన పట్టాల మీదే నడుస్తాయి. 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌లోనూ భిలాయ్ ఉక్కు ఉంది.

తొలి రోజుల్లో చుట్టుపక్కల రైతులు ఈ పనికి పెద్దగా ముందుకు రాలేదు. కొలిమికి నరబలి ఇస్తారన్న పుకార్లు కూడా అప్పట్లో షికారు చేశాయి. దాంతో దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. తెలుగువాళ్లకు దారి ముందే సిద్ధంగా ఉంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు 1930ల తొలి ఏళ్లకే రైలు మార్గం ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు ఆ లైను పట్టుకునే వచ్చారు. సెక్టార్-5లోని బాలాజీ గుడి, ఖుర్సీపార్‌లోని తెలుగు ఇళ్లు ఆ వలసకు గుర్తులు. ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గు ఇంకా ఉన్నాయి. మూడో తరం పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడమే కష్టం. వాళ్ల తెలుగులో సగం హిందీ.

కాబట్టి వీడ్కోలు రోజున తెలుగు ఉద్యోగికి ఎదురయ్యే ప్రశ్న ‘ఇప్పుడు ఎక్కడికి?’ అన్నదే. నిర్ణీత గడువు దాటితే క్వార్టర్ ఖాళీ చేయాలి. 2000 దశకం తొలి ఏళ్లలో కొన్ని ఇళ్లను యాజమాన్యం దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది కానీ అది అందరికీ అందలేదు. సొంతూళ్లో పొలం అన్నదమ్ముల పంపకాల్లో ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. అక్కడ ఆయన్ను ‘భిలాయ్ మామయ్య’ అంటారు. ఇక్కడ మాత్రం నలభై ఏళ్లున్నా ‘ఆంధ్రా వాలా’యే.

డబ్బు లెక్క మరో చిక్కు. లంచం కేసులో ఇరుక్కుంటే ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి చట్టం దృష్టిలో ప్రభుత్వ సేవకుడే. పాత శిక్షాస్మృతిలోని 21వ సెక్షన్ ఆ మాటే చెప్పింది. పెన్షన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయన ప్రభుత్వ ఉద్యోగి కాడు. 1995లో వచ్చిన ఉద్యోగుల పెన్షన్ పథకం మామూలు లెక్కలో, 15,000 రూపాయల జీతం పరిమితి మీద, 35 ఏళ్ల సర్వీసుకు నెలకు వచ్చేది 7,500. సెయిల్ సొంత పెన్షన్ పథకం ఆలస్యంగా వచ్చింది. అంతకుముందే దిగిపోయినవాళ్లకు ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీలే ఆధారం. అవి కూడా కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో ఖర్చయిపోతే చేతిలో మిగిలేది తక్కువే.

అయినా దండ పడిందంటే అదృష్టమే అనాలి. 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబరులో గ్యాస్ పైపులైను ప్రమాదం పది మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ కుటుంబాలు వీడ్కోలు సభను చూడనే లేదు.

దండకు అసలు నోచుకోని వారు ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి ఈ ఊళ్లో పరిశోధన చేసిన బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ పర్మినెంటు ఉద్యోగికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య ఉన్న అగాధం గురించే పెద్ద పుస్తకం రాశారు. గేటు ఒకటే, ప్రమాదమూ ఒకటే, జీతం మాత్రం వేరు. ఒకప్పుడు ఇదే కర్మాగారంలో పనిచేసిన శంకర్ గుహా నియోగి తర్వాత దల్లీ రాజ్‌హరా గనుల్లో అలాంటి కూలీలనే కూడగట్టారు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయ్‌లోని ఇంట్లో నిద్రిస్తుండగా ఆయన్ను కాల్చి చంపారు. భిలాయ్ చరిత్రలో సన్మాన పత్రాల పక్కనే ఈ పేజీ కూడా ఉంది.

ఇప్పుడు దీవే కుంచించుకుపోతోంది. 2000 నాటికి లక్షన్నరకు పైగా ఉద్యోగులున్న సెయిల్‌లో 2023 నాటికి 60 వేల లోపే మిగిలారు. దిగిపోయేవాళ్ల స్థానంలో వచ్చేవాళ్లు తక్కువ. పక్క ఊరు గనియారీలో పుట్టిన పండవానీ గాయని, పద్మవిభూషణ్ తీజన్‌బాయి లాంటి కళాకారిణికి కూడా కర్మాగారం ఉద్యోగం ఇచ్చిన రోజులు అవి. కొడుక్కి కూడా ఇక్కడే ఉద్యోగం వస్తుందని తండ్రి ధీమాగా ఉన్న కాలం పోయింది. ఆ కొడుకు కోచింగ్ తీసుకుని హైదరాబాద్‌కో, బెంగళూరుకో వెళ్లిపోయాడు.

అందుకే ఎక్కువ మంది మధ్యేమార్గం వెతుక్కుంటారు. టౌన్‌షిప్ సరిహద్దు దాటగానే చిన్న ఇల్లు కట్టుకుంటారు. సెక్టార్-9 ఆస్పత్రి దగ్గర ఉండాలి, పాత స్నేహితులు సాయంత్రం మైత్రీబాగ్‌లో కనిపించాలి, గుడి నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. దీవి లోపల చోటు దొరకకపోతే ఒడ్డున.

మిగిలినవాళ్లు దుర్గ్‌లో రైలెక్కుతారు. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్, విశాఖల మధ్య వందే భారత్ నడుస్తోంది. తాతలు రాత్రంతా కూర్చుని వచ్చిన దారి ఇప్పుడు ఎనిమిది గంటల ప్రయాణం. కింద పరచిన పట్టాలు ఆ ముసలాయన మిల్లులోంచి వచ్చినవే కావచ్చు. టికెట్ మాత్రం కొనుక్కోవాల్సిందే.