వడ్డించిన చేతికి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళిన తల్లిదండ్రులకు తప్పని విధులు కొన్ని ఉన్నాయి. గుడి చూడాలి, జలపాతం చూడాలి, ఒక్కసారైనా పెద్ద హోటల్లో భోజనం చెయ్యాలి. ఈ మూడోది మాకు టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో తటస్థించింది. అక్కడ ఏ అంగడికి వెళ్ళినా తెలుగు వినబడుతుంది కనుక మా శ్రీమతికి ఊరు కొత్తనిపించలేదు. హోటలు మాత్రం కొత్తే.

దాని పేరు చీజ్‌కేక్ ఫ్యాక్టరీ. పేరు వింటే పొగగొట్టాలు కళ్ళముందు మెదులుతాయిగాని, లోపల ఈజిప్టు దేవాలయాల్లోలాంటి లావుపాటి స్తంభాలు, ఎత్తయిన పైకప్పు, మసక వెలుతురు. అంత దర్జాలోనూ పసిపిల్లల్ని చంకనెత్తుకుని వచ్చినవాళ్ళు ఎందరో! వంటకాల పట్టిక పట్టిక కాదు, పుస్తకం. 200 పైచిలుకు వంటకాలున్నాయి. ధర పక్కనే కేలరీలు కూడా అచ్చువేశారు. 20 శాఖలు, అంతకుమించి ఉన్న హోటళ్ళన్నీ అలా చూపించి తీరాలన్న నిబంధన 2018 నుంచి ఆ దేశంలో అమలులో ఉంది. ఎంత ఒళ్ళు వస్తుందో ముందే చెప్పి మరీ వడ్డిస్తారన్నమాట!

మా శ్రీమతికి కూరగాయల పాస్తా చెప్పి, అది వచ్చేలోగా మా అల్లుడు ఆ హోటలు పుట్టుక చెప్పాడు. డెట్రాయిట్‌లో ఎవలిన్ ఓవర్టన్ అనే ఇల్లాలు ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, ఇంటి నేలమాళిగలో చీజ్‌కేకులు చేసి అమ్మేదట. 1972లో భర్తతో లాస్ ఏంజిలస్ చేరి అక్కడ బేకరీ పెట్టింది. 1978లో కొడుకు డేవిడ్ బెవర్లీ హిల్స్‌లో మొదటి హోటలు తెరిచాడు. ఇప్పుడు 200కు పైగా ఉన్నాయి.

"మహాతల్లి!" అంది మా శ్రీమతి.

"మరి నేను చేస్తే ఎందుకు వద్దంటావు అమ్మమ్మా?" అని అందుకుంది మనవరాలు.

ఇంట్లో రెండు వారాలుగా నలుగుతున్న తగవే అది. పదిహేడేళ్ళ పిల్ల, శని ఆదివారాలు మరో హోటల్లో సర్వరుగా పనిచేస్తోంది. "మనింటి పిల్ల ఊళ్ళోవాళ్ళ ఎంగిలి కంచాలు తియ్యడమేమిటి?" అని అమ్మమ్మ బాధ.

"ఇంట్లో వండి అమ్ముకోవడం వేరు, ఇది వేరు," అంది మా శ్రీమతి, కాస్త గొంతు తగ్గించి.

ఇంతలో బిల్లు వచ్చింది. 120 డాలర్లు. అల్లుడు పైన 24 డాలర్లు టిప్పు వేశాడు. మన లెక్కలో రెండు వేల రూపాయలు దాటింది! అంత ఎందుకని అడిగాను. జవాబు మనవరాలు చెప్పింది. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలని ఫెడరల్ చట్టం. 1991 నుంచి ఆ అంకె కదలలేదు. టిప్పులతో కలిపి కూడా 7 డాలర్ల 25 సెంట్లు పడకపోతేనే తక్కువైనది ఆయన భర్తీ చెయ్యాలి. కాలిఫోర్నియాలాంటి చోట్ల పూర్తి కనీస వేతనం ఇవ్వాలి, టెక్సాస్‌లో ఇంతే.

"పోయిన ఆదివారం నా బల్ల దగ్గర ఆరుగురు కూర్చున్నారు తాతయ్యా. రెండు గంటలు నవ్వుతూ నిలబడ్డాను. పైసా పెట్టలేదు. 'పళ్ళెం తెచ్చినందుకు కూడా డబ్బులా?' అనుకుంటూ లేచారు. తెలుగులోనే అనుకున్నారు. నాకు రాదనుకున్నారు."

మా బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. అల్లుడు మాట మార్చి స్ట్రాబెర్రీలు పెట్టిన చీజ్‌కేకు పొట్లం కట్టించాడు. మిగిలిన పాస్తా కూడా డబ్బాలో పెట్టించుకున్నాం. అక్కడ అది నామోషీ కాదు.

సర్వరు పిల్ల బల్ల సర్దడానికి వచ్చేసరికి, మా శ్రీమతి అప్పటికే పళ్ళేలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, చెంచాలు పైన పెట్టి, అందేలా అంచుకు జరిపింది. ఆ పిల్ల నవ్వి థాంక్యూ అంది. "పాపం, ఎన్నింటికి ఇల్లు చేరుతుందో అడగవే," అంది మా శ్రీమతి మనవరాలితో.

ఉద్యోగం మానమని మాత్రం ఆ తరువాత అనలేదు.

మీరూ పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు అలాంటి హోటల్లో కూర్చుంటే, పట్టికలో ధర చూసేటప్పుడే అయిదోవంతు కలిపి చూసుకోండి. అది దానం కాదు, వడ్డించిన చేతికి కూలి.