శ్రీశైలపు త్రోవలో మా కారు చప్పుళ్లు

2024వ సంవత్సరము కార్తీకమాసమున మేము గుంటూరునుండి శ్రీశైలమునకు మా విద్యుత్కారులో పోయి వచ్చితిమి. మల్లికార్జునస్వామి దర్శనమును గూర్చియు, పాతాళగంగను గూర్చియు వ్రాసినవారు పెక్కురు కలరు. కావున మేమా జోలికి పోక, త్రోవపొడుగునను మమ్ము వేధించిన చప్పుళ్లను గూర్చియే సోదరీమణులతో ముచ్చటింతుము.

పెట్రోలుకారునందు ఇంజను రొద తక్కిన చప్పుళ్ల నన్నింటిని మ్రింగివేయును. విద్యుత్కారునం దా రొద లేదు. అందువలన గాలి యీల, టైర్ల మ్రోత, తలుపు కిఱ్ఱు, అన్నియు చెవిని బడును. మా వీధిమలుపున కారు నెమ్మదిగా కదలుచుండగా సన్నని నాదము వినవచ్చెను. "ఎవరే ఆ కూనిరాగం?" అని మా అత్తగారు వెనుకకు తిరిగి చూచిరి. అది లోపము కాదు. చడిలేని బండి వచ్చుట తెలియక బాటసారులు, విశేషించి చూపులేనివారు, దాని క్రింద పడకుండుటకై అమర్చిన ధ్వని యది. ఐరోపా సమాఖ్యలో 2021 జూలై మొదలు అమ్ముడగు ప్రతి క్రొత్త విద్యుత్కారును గంటకు 20 కిలోమీటర్ల వేగమువరకు ఇట్టి ధ్వని చేయవలయునని శాసనము కలదు.

నరసరావుపేట దాటినపిదప ఒక భోజనశాల యావరణలో బ్యాటరీకి కరెంటు ఎక్కించుకొంటిమి. కారు నిలిచియుండగనే ముందుభాగమునుండి భోరున రొద పుట్టెను. మా వారు ఇడ్లీ విడిచి పరుగెత్తిరి. వేగముగా కరెంటు ఎక్కించునపుడు బ్యాటరీ వేడెక్కును. దానిని చల్లార్చుటకై పంకాయు, ఏసీ కంప్రెసరును తమంతట తామే తిరుగును. అంతియే. వినుకొండ దాటినపిదప వినిపించిన టకటక మాత్రము మా పులిహోర క్యారియరు మూతది.

శ్రీశైలమునకు తూర్పుద్వారమని పేరుగన్న త్రిపురాంతకమునకు కొంచెము ఇవతల బాట బాగుచేయుచు కంకర పరచియుండిరి. దానిని దాటిన కొలదిసేపటికి ఎడమవైపున గరగరమని ఇనుము గీచుకొను ధ్వని మొదలయ్యెను. ఇది వెనుకటివాని వంటిది కాదు. పండ్లు పులియునట్లుండెను. మా వారు కారమ్మిన సంస్థవారికి ఫోను చేయగా, "ఎలక్ట్రిక్ బండ్లలో అట్లాంటివి మామూలే సార్" అని సమాధానము వచ్చెను. ముందున్నది దోర్నాల, అటుపిమ్మట నల్లమల యడవిలో సుమారు 50 కిలోమీటర్ల ఘాటురోడ్డు. అది పెద్దపులుల రక్షితారణ్యమగుటచే రాత్రివేళ వాహనములను పోనీయరు. ప్రొద్దు వాలుచున్నది. ముందుకు పోవుటయా, మానుటయా?

కారు నడుపుచున్నది మా అమ్మాయి. "చప్పుడు ఎక్కడినుంచి అని కాదమ్మా, ఎప్పుడు వస్తోందో చూద్దాం" అనెను. ఆ మాట మాకు నచ్చెను. వేగము పెంచిన గరగర త్వరపడుచుండెను, తగ్గించిన నెమ్మదించుచుండెను. కావున తిరుగుదానిలోనే యున్నది. ఆక్సిలరేటరునుండి కాలు తీసినను మాఱలేదు. మోటారుదైనచో తప్పక మాఱియుండును. స్టీరింగు నటునిటు కొంచెము త్రిప్పినను హెచ్చుతగ్గులు లేవు. చక్రపు బేరింగు అరిగినచో బరువు ఒకప్రక్కకు ఒరిగినపుడు మ్రోత సామాన్యముగా మాఱును. ఒక ప్రహరీగోడ ప్రక్కగా అద్దములు దించి పోనిచ్చితిమి. గోడకు కొట్టి తిరిగివచ్చిన ధ్వనివలన అది ఎడమవైపు ముందుచక్రమే యని తేలెను.

దోర్నాలలో లారీటైర్లకు పంక్చర్లు వేయు కుర్రవాడు కారును చూచి వెనుకాడెను. "కరెంటు బండి గదమ్మా, షాక్ కొడితేనో?" అనెను. హెచ్చు కరెంటు పారు తీగలకు నారింజరంగు తొడుగుండును. వానిని మనము తాకరాదు, ఇతరులను తాకనీయరాదు. చక్రమునం దవి లేవని చెప్పి యొప్పించితిమి. అతడు జాకీ తెచ్చి కారు నడుమ నేల క్రిందికి త్రోయబోయెను. "ఆగన్నా!" అని అమ్మాయి కేక వేసెను. ఆ నేలక్రింద నంతటను బ్యాటరీయే పరచియున్నది! అచ్చట జాకీ మోపినచో బ్యాటరీ పెట్టె నొక్కుకొనును. కారు కొన్నపుడిచ్చిన పుస్తకమును తెఱచి, జాకీ ఎక్కడ మోపవలయునో బొమ్మలో చూపెను. విద్యుత్కారున్న ప్రతి యింటివారును ఈ బొమ్మ నొకమారు చూచియుంచుకొనవలయును.

చక్రము ఊడదీసిన రెండు నిముసములలో దొంగ దొరికెను. బ్రేకుపళ్లెమునకును, దానివెనుక దుమ్ము పడకుండ నుంచిన పలుచని రేకునకును నడుమ శనగగింజంత కంకరరాయి! స్క్రూడ్రైవరుతో రేకును కొంచెము వంచగనే జారి పడెను. "దీనికేనా ఇంత హడావుడి!" అని అత్తగారు నవ్విరి. రాయి చిన్నదే కాని, దానితోనే ఘాటునంతయు ఎక్కి దిగినచో పళ్లెము గీతలు పడియుండెడిది. చీకటిపడకమునుపే యడవిలో ప్రవేశించితిమి.

శ్రీశైలమున రాత్రియంతయు వాన. సత్రములో కరెంటు దొరకినదిగదా యని బ్యాటరీని నిండుగా నింపితిమి. ఉదయమున బయలుదేరి మొదటిమారు బ్రేకు నొక్కగనే మరల గరగర! అందఱి ముఖములును వాడెను. కాని యీ ధ్వని బ్రేకు నొక్కినపుడే వచ్చుచుండెను. నాలుగైదు మారులు నొక్కునప్పటికి మాయమయ్యెను. విద్యుత్కారులో కాలు తీయగనే మోటారే బండిని ఆపుచు కరెంటు పుట్టించును. బ్రేకుపళ్లెములకు పని తక్కువ. అందుచే వానకు పట్టిన త్రుప్పు తొందరగా రాలదు.

అసలు భయము దిగుటలో కలిగెను. శిఖరేశ్వరము దాటి పల్లమున పడినపిదప అమ్మాయి కాలు తీసినను కారు ఎప్పటివలె నెమ్మదింపలేదు. బ్యాటరీ నిండియున్నది, పుట్టిన కరెంటును దాచుటకు చోటేది? భారమంతయు బ్రేకులపైననే పడెను. ఒకచోట ఆగి, బ్రేకులు చల్లారనిచ్చి, మెల్లమెల్లగా దిగితిమి. కొండపై బ్యాటరీని నూటికి ఎనుబదిపాళ్ల వఱకే నింపుకొనవలసినది. ఇది మా పొరపాటే.

ఒక చప్పుడు మాత్రము నేటికిని తేలలేదు. చలివేళ తెల్లవారుజామున కారు కదలించినపుడు ముందరి అద్దము క్రింద చిటుక్కుమనును. ఎండ ఎక్కగనే మానును. చలికి ముడుచుకొన్న ప్లాస్టికు పలకలని మా వారి యూహ. బల్లి యని అత్తగారి నిశ్చయము.