జరూరతా? షౌకా?



పోయిన వేసవిలో చెల్లెలు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఫోన్ చేసింది. "భాయిజాన్, మకాన్ చూశాం. ఊరి నడిబొడ్డున, కాలువ ఒడ్డున. మీరొచ్చి చూడాలి." అబ్బా ఇంతకాల్ తర్వాత ఖాందాన్‌లో మష్వరా అడగాల్సింది నన్నే. నేను వెళ్లేసరికి వాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టేశారు. వేరే గిరాకీ పోటీకి వచ్చాడట. "ఫికర్ వద్దు. సంతకాలైన కాగితం చేతికందాక మూడు రోజుల గడువుంటుంది. ఆలోపు కారణం చెప్పకుండానే మానుకోవచ్చు. ఇక్కడి కానూన్ అది" అన్నాడు బహనోయి.

ఇల్లు ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ మీద. గ్రాఖ్ట్ అంటే కాలువే. 1613లో తవ్వడం మొదలుపెట్టిన ఈ కాలువల వరుసని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్లలో ఇళ్ల నీడలు చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. మేం పెరిగిందీ కాలువ ఒడ్డునే కదా! బెజవాడలో బందరు కాలువ గట్టు పక్క సందులో, కిరాయి ఇంట్లో. కాలువ కట్టేసిన రోజుల్లో వాసన, మిగతా రోజుల్లో దోమలు. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు "కాలువ పక్కనా?" అని ముఖం చిట్లించేవారు. అదే కాలువ ఇక్కడ ఇంటి ధరని ఆకాశానికి ఎత్తేస్తోంది.

మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. ఇంటి నెత్తిన బయటికి పొడుచుకొచ్చిన దూలం, దానికో కొక్కెం. సామాను మెట్ల మీద పట్టదు కాబట్టి తాడుతో బయటినుంచే లాగి కిటికీలోంచి తీసుకుంటారు. వెనకటి వ్యాపారులు ఇలాంటి ఇళ్ల అటకల్లో సరుకు దాచేవారు. పదిహేడో శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీకి మన మచిలీపట్నంలో కోఠీ ఉండేది. గోల్కొండ రాజ్యపు అద్దకం గుడ్డలు అక్కడే ఓడలెక్కేవి. మనం ఛీంట్ అనే గుడ్డని డచ్చివాళ్లు ఇప్పటికీ సిట్స్ అంటారు. బందరులో డచ్చివాళ్ల సమాధులు చూసిన నాకు ఈ ఊరు పూర్తిగా పరాయిదనిపించలేదు.

లోపల మాత్రం మహా విశాలం. నూట ఇరవై చదరపు మీటర్లు. లావుపాటి పాత దూలాలు, కాలువ వైపు మూడు పెద్ద కిటికీలు. పిల్లలు "మామూ, పడవ!" అంటూ కిటికీకి అతుక్కుపోయారు. వాళ్లిప్పుడుంటున్నది ఆమ్‌స్టెల్‌వేన్‌లో, రెండు గదుల కిరాయి ఇల్లు.

"బునియాద్ ఎలా ఉంది?" అని అడిగాను. ఆ ఊళ్లో పాత ఇళ్లన్నీ బురద నేలలో దిగేసిన కొయ్య మొద్దుల మీద నిలబడ్డాయి. డామ్ చౌక్‌లోని రాజభవనం కింద 13,659 మొద్దులున్నాయట. కొయ్య నీళ్లలో మునిగి ఉన్నంతకాలం గాలి తగలక శతాబ్దాలు నిలుస్తుంది. భూగర్భ జలం కిందికి దిగి తల బయటపడితే కుళ్లు మొదలవుతుంది. అప్పుడు బాగుచేయించే ఖర్చు ఆ భవనంలోని యజమానులందరి నెత్తినా పడుతుంది. అందుకే కొనేముందు పునాది రిపోర్టు చూడాలి. బహనోయి చూపించాడు. పునాది బాగానే ఉంది.

రెండో బునియాద్ సంగతి రాత్రి భోజనాల దగ్గర వచ్చింది. ఇంటి విలువంతా బ్యాంకు ఖర్జ్‌గా ఇస్తుంది, ముప్ఫై ఏళ్లు కట్టాలి. సూద్ లేకుండా ఇచ్చేవాళ్లు వీళ్లకి దొరకలేదు. చెల్లెలు 1999 నాటి ఫత్వా గుర్తుచేసింది. యూరప్ ఫత్వా కౌన్సిల్ అప్పట్లో, వేరే దారి లేని ముస్లింలు ఉండటానికి ఒక ఇల్లు బ్యాంకు ఖర్జ్‌తో కొనుక్కోవచ్చంది. దాన్ని ఒప్పుకోని ఉలమాలు చాలామంది ఉన్నారు. ఒప్పుకున్నవాళ్లు కూడా ఆ ఇజాజత్‌ని జరూరత్‌కే ముడిపెట్టారు.

నేను అందుకున్నాను. "ఇల్లు జరూరత్. కాలువ, నూట ఇరవై మీటర్లు, మూడు కిటికీలు? అది షౌక్. అబ్బా ముప్ఫై ఎనిమిదేళ్లు కిరాయి ఇంట్లో ఉన్నారు, సూద్ రూపాయి ముట్టలేదు." బాగా మాట్లాడాననుకున్నాను.

చెల్లెలు గిన్నెలు తీస్తూ మెల్లిగా అంది. "మరి మీ ఫ్లాట్, భాయిజాన్?"

నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్లుగా బెజవాడలో నేను కడుతున్నది బ్యాంకు కిస్తీయే. గృహప్రవేశానికి అబ్బా వచ్చారు, దువా చేశారు. అన్నం మాత్రం "కడుపు బాగాలేదు బేటా" అని తినలేదు. ఆ మాట నమ్మినట్టు నటించాను, ఆయన పోయేదాకా. అంతకంటే సిగ్గు ఇంకోటి ఉంది. ఉయ్యూరు దగ్గర నాకో ప్లాటుంది. రేటు పెరుగుతుందని ఉంచుకున్నాను. అది అమ్మితే ఖర్జ్ చాలావరకు తీరుతుంది. తీర్చలేదు. అంటే నాది జరూరత్ కాదు, షౌక్ కూడా కాదు. లాలచ్.

ఆ సంగతంతా ఆమెకి చెప్పేశాను. బహనోయి తలదించుకుని విన్నాడు. అమ్మీ వీడియోలో ఒక్క మాటే అంది. "ఇస్తిఖారా చేసుకోండి. మీ అన్న మాట మీద వదలొద్దు, మీ అన్న తప్పు మీద కొనొద్దు."

మూడో రోజు పొద్దున వాళ్లు మానుకున్నట్టు ఉత్తరం పంపారు. పిల్లలు ఏడ్చారు. చెల్లెలు కూడా ఏడ్చింది, వంటింట్లో, నాకు కనబడకుండా. ఊరి అంచున చిన్న ఇల్లు చూస్తున్నారిప్పుడు. ముందు నాలుగేళ్లు సొమ్ము కూడబెట్టి, ఖర్జ్ ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించి కొంటారట. మసలా పూర్తిగా తీరిందని నేననను. తీర్పు చెప్పే ఆలిమ్‌ని కూడా కాను.

తిరిగొచ్చాక ప్లాటు అమ్మకానికి పెట్టాను. బేరానికి ఇద్దరొచ్చారు. "ఇంకో రెండేళ్లాగితే రేటు పెరుగుద్ది సార్" అన్నాడు బ్రోకరు. ఆ మాట వినగానే మనసు ఒక్క క్షణం ఆగింది. అబద్ధం ఎందుకు, ఆగింది. తర్వాత అబ్బా ముట్టని పళ్లెం గుర్తొచ్చి, బయానా తీసుకున్నాను.

మా కోసం దువా చేయండి.