రాతికట్టడాలూ, ఇంటిపేర్లూ

కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ ద్వీపంలో సేంట్ పియేర్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ నాటకశాలా ఖైదుకొట్టూ పక్కపక్కనే ఉంటాయి. 1786లో కట్టిన నాటకశాలకు బోర్డో నగరపు రంగశాల నమూనా. ఊరి అభిరుచికీ సంపదకూ అది నిలువుటద్దం. నేడు దానికి మిగిలినవి రెండు పాయలుగా పైకి సాగే మెట్లు, కొన్ని మొండిగోడలు. మెట్లెక్కి చేరేది ఆకాశం కిందికే. పక్కనున్న ఖైదుగది మాత్రం కప్పుతో సహా నిలిచి ఉంది.

1902 మే 8 ఉదయం ఎనిమిది గంటల వేళ, పెలే అగ్నిపర్వతం నుంచి మండే బూడిదా వాయువులూ మేఘంలా దిగివచ్చి నిమిషాల్లో ఊరిని కాల్చేశాయి. దాదాపు 28,000 మంది పోయారు. బతికి బయటపడ్డ అతి కొద్దిమందిలో సిపారిస్ అనే ఖైదీ ఒకడు. మందపాటి రాతిగోడలు, కిటికీ లేని గది, తలుపులో సన్నని సందు: గాలీ వెలుతురూ అందకుండా చేసిన ఆ ఏర్పాటే అతని ఊపిరిని నిలబెట్టింది. ఇందులో దైవన్యాయం వెతకడం నాకు రుచించదు. ఏ నేరమూ ఎరగని పసిపిల్లలు అదే ఊళ్లో, అదే నిమిషంలో పోయారు. గోడ మందం ఎవరి గుణదోషాలనూ లెక్కించలేదు.

విడుదలైన సిపారిస్‌ను తర్వాత ఒక అమెరికన్ సర్కస్ తన వెంట తిప్పుకుంది. ఖైదుగదికి నకలు చేయించి, అందులో అతన్ని కూర్చోబెట్టి జనానికి చూపించింది. మృత్యువు నుంచి తప్పించిన గది, పొట్టకూడుగా మారి అతన్ని వెన్నాడింది. నాటకశాల కూలిపోయాక ఆ ఊరి కథకు రంగస్థలమైనది ఖైదుకొట్టే.

రాయి నిలుస్తుంది గనుక వారసత్వం అనగానే చూపు రాతి మీదికే పోతుంది. అయితే ఆ రాయి ఎవరి కోసం పేర్చినది? చక్కెరా రమ్మూ ఈ రేవుకు ఐశ్వర్యం తెచ్చాయి. చెరకుతోటల్లో 1848 దాకా చాకిరీ చేసినవారు బానిసలు. 1853 నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల మీదుగా మన దేశపు కూలీలూ ఓడలెక్కి ఇక్కడికి చేరారు. వారి గుడిసెలు కర్రతో, గడ్డితో కట్టినవి. కాలిపోతే శిథిలం కూడా మిగలదు. నిరుపేద కోసం అధికారం రాతితో కట్టించిన కొద్దిపాటి కట్టడాల్లో చెరసాల ఒకటి. వారి వైపు నుంచి చూస్తే, నాటకశాల కన్నా ఆ గదే నిజమైన చరిత్రపత్రం.

ఊరు మళ్లీ మొలకెత్తింది. పాతగోడలకే ఆనించి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. పూర్వపు జనసంఖ్య మాత్రం తిరిగి రాలేదు. కొండ పాదంలోనే, కొండను చూస్తూనే కాపురాలు సాగుతున్నాయి. 2023లో ప్రపంచ వారసత్వ గౌరవం దక్కింది ఆ కొండకూ అక్కడి అడవులకూ. సంహరించినదీ సంపదే కావడంలో ప్రకృతికి వైరుధ్యమేమీ కనిపించదు. తడబాటంతా మన లెక్కలదే.

1933లో ఫ్రాంక్ పెరె అనే అగ్నిపర్వత పరిశోధకుడు ఇక్కడ స్థాపించిన మ్యూజియంలో చితికిన చర్చి గంట, కరిగిన గాజుసామాను ఉన్నాయి. నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసేది మాత్రం, అక్కడి స్మారకంలో రాసిన వేలాది మృతుల పేర్లు. 1848లో విముక్తులైనవారికి అంతవరకు ఇంటిపేరే లేదు. దస్తరాలు తెరిచి, గుమాస్తాలు ఒక్కొక్కరికీ తోచిన ఇంటిపేరు రాసి ఇచ్చారు. ఆ పేర్లు రెండు తరాలు నడిచాయో లేదో, కొండ బద్దలైంది. స్మారకంలో అటువంటివి ఎన్నో ఉండి ఉండాలి. గుడిసె మిగలని కుటుంబానికి నిలిచిన కట్టడం ఆ ఇంటిపేరే. ద్వీపంలో నేటికీ పుట్టే పిల్లలకు అవి సంక్రమిస్తూనే ఉన్నాయి.